బ్లేడు మారింది, మరి దారం?

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారు రెండేళ్లకోసారి రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేట వస్తారు. మునేటి ఒడ్డు గుడి నుంచి విగ్రహాలను తీసుకొచ్చి, రంగులు దిద్ది, ఊరేగింపుగా మళ్లీ తీసుకెళ్తారు. అమ్మవారి ముస్తాబే ఈ ఊళ్లో జరిగేటప్పుడు మనుషుల ముస్తాబు సంగతి వేరే చెప్పాలా? వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు పెళ్లికూతుళ్లు జగ్గయ్యపేట పార్లర్లకు వస్తారు. చందర్లపాడు, వీరులపాడు వాళ్లు నందిగామ పోతారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ ఆపుకున్న డ్రైవరు పక్కనున్న సెలూన్లో గడ్డం గీయించుకుని హైదరాబాదు దారి పడతాడు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కుర్రాళ్లు ఆదివారం పొద్దున్నే వరుసలో కూర్చుంటారు. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి గానీ మాటల్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే.

ఆ కుర్చీలో ముందు కూర్చుని లేచిన మనిషి నుంచి, తర్వాత కూర్చున్న మనిషికి ఏమేం అంటుకుంటాయి? చర్మవైద్యులు, అంటువ్యాధుల నిపుణులు దీని మీద చాలా రాశారు. అయితే అంతా ముక్కలు ముక్కలుగా ఉంది. ఒకచోట బ్లేడు గురించి, ఒకచోట పెడిక్యూర్ తొట్టి గురించి, ఇంకోచోట క్రీముల గురించి. వాటన్నిటినీ మన ఊరి కుర్చీ దగ్గరికి తెచ్చి చూస్తే, మనం భయపడుతున్నది ఒకదానికి, భయపడాల్సింది ఇంకోదానికి అని నాకు అనిపించింది.

బ్లేడుతోనే మొదలుపెడదాం. మనవాళ్లు గెలిచిన పోరాటం అదొక్కటే. 2000ల తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడ్స్ భయం ఎంతుండేదో ఆ తరం వాళ్లకు గుర్తుంటుంది. గోడల మీద, హోర్డింగుల మీద ఎయిడ్స్ ప్రచారపు "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" ప్రశ్న చదవని వాళ్లు లేరు. లారీలు ఆగే రహదారి ఊళ్లలో ఆ భయం ఇంకా ఎక్కువ. అంతకుముందు ఒకే కత్తిని తోలుపట్టీ మీద నూరి ఊరందరి గడ్డాలూ గీసేవారు. ఆ కత్తి పోయి, సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తి వచ్చింది. కుర్చీలో కూర్చోగానే "అన్నా, కొత్త బ్లేడు వెయ్యి" అనడం అలవాటైంది. అడిగేదాకా ఆగకుండా, కాగితం విప్పి బ్లేడు చూపించి మరీ పెట్టడం మర్యాద అయింది. చట్టం లేదు, తనిఖీ లేదు. గిరాకీలు అడిగారు, పనివాళ్లు మారారు. ప్రజారోగ్యంలో ఇంత చవగ్గా ఇంత పెద్ద మార్పు వచ్చిన సందర్భాలు ఎక్కువ లేవు.

అయితే ఆ మార్పు తెచ్చిన భయం కొంచెం గురి తప్పింది. ఆసుపత్రుల్లో సూది గుచ్చుకున్న సిబ్బంది మీద జరిగిన అధ్యయనాల లెక్కలు ఇలా ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకే అవకాశం 0.3 శాతం. హెపటైటిస్-సి అయితే 2 శాతం లోపు. హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోని మనిషికి, 6 నుంచి 30 శాతం. బ్లేడు గాటు సూది పోటంత లోతుగా ఉండదు కాబట్టి ఈ అంకెలు సెలూన్‌కు ఉన్నదున్నట్టు సరిపోవు. కానీ మూడింటిలో దేనికి ఎక్కువ భయపడాలో తేలిపోతోంది. పైగా హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో, కంటికి కనిపించనంత చిన్న మరకలో కూడా, కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక లెక్కన మన దేశంలో 2022లో హెపటైటిస్-బి ఉన్నవాళ్లు 2.98 కోట్ల మంది, సి ఉన్నవాళ్లు 55 లక్షల మంది. చాలామందికి ఆ సంగతి తెలియదు. పచ్చకామెర్లు కనపడవు, జ్వరం రాదు. వాళ్లూ మనలాగే గడ్డం గీయించుకుంటారు, కనుబొమ్మలు దిద్దించుకుంటారు.

పిల్లల టీకాల కార్యక్రమంలో హెపటైటిస్-బి 2002లో కొన్నిచోట్ల మొదలై, 2011 నాటికి దేశమంతటా వచ్చింది. అంటే ఇవాళ పాతికేళ్లు దాటినవాళ్లలో ఎక్కువమందికి చిన్నప్పుడు ఆ టీకా పడలేదు. సెలూన్లో కత్తెర పట్టేవాళ్లు, పార్లర్ నడిపే ఆడవాళ్లు, అక్కడికి వెళ్లే మనం దాదాపు అందరం ఆ వయసువాళ్లమే. రోజూ పది మంది రక్తపు చుక్కల దగ్గర పనిచేసే మనిషికి మూడు డోసుల టీకా వేయించాలన్న ఆలోచన ఇంతవరకూ మనకు రాకపోవడం నాకు బాధగా ఉంది. మనం గిరాకీల రక్షణ గురించే మాట్లాడతాం. అంతకంటే ముందు ప్రమాదంలో ఉన్నది ఆ చేతులే.

సరే, బ్లేడు మారింది. పక్కన ఇంకేం ఉన్నాయి? పటిక ముక్క. గీసిన చెంప మీద చిన్న చిన్న గాట్లు ఉంటాయి. తడిపిన పటికతో రుద్దితే రక్తం కట్టేస్తుంది, చురుక్కుమంటుంది, శుభ్రమైందన్న నమ్మకం కలుగుతుంది. పటికకు సూక్ష్మజీవులను కొంత అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ ఒకే ముక్క పొద్దుటి నుంచి రాత్రిదాకా అందరి గాట్ల మీదా తిరుగుతుంది. కొత్త బ్లేడుతో కాపాడుకున్న చెంపను పాత పటికకు అప్పగిస్తున్నాం. పటికను పొడి చేసి, చిటికెడు నీళ్లలో కలిపి, కొత్త దూదితో అద్దితే సరిపోతుంది. నురుగు బ్రష్షు సంగతీ ఇంతే. మెడ చుట్టూ కట్టే గుడ్డా ఇంతే. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ ఖర్గోన్ జిల్లాలోని ఒక పల్లెలో ఒకే గుడ్డ వాడిన క్షౌరశాలకు వెళ్లిన ఆరుగురికి కరోనా వచ్చిందని వార్త వచ్చినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. లాక్‌డౌన్ తర్వాత కొన్నాళ్లు ప్రతి సెలూన్లోనూ వాడి పారేసే ఏప్రాన్లు కనిపించాయి. తర్వాత అవి మాయమై పాత నైలాన్ గుడ్డ తిరిగొచ్చింది.

వైరస్‌ల మాట అలా ఉంచితే, మెట్ట ప్రాంతంలో రోజూ కనిపించే జబ్బు తామర. వేసవిలో వాతావరణ శాఖ పట్టికలో నందిగామ పేరు ఎంత తరచుగా పైన ఉంటుందో అందరికీ తెలుసు. పత్తి చేలో, మిరప చేలో చెమటతో తడిసిన ఒంటికి తామర పట్టడం తేలిక, వదలడం కష్టం. గత పది పన్నెండేళ్లుగా మన దేశంలో మందులకు లొంగని తామర పెరిగింది. దానికి కారణమైన శిలీంధ్రానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరు మీదుగానే పేరు పెట్టారు. అది గుడ్డల మీద, తువాళ్ల మీద, జీరో మిషన్ పళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకల మీద బతుకుతుంది. మిషన్ పళ్లను చిన్న బ్రష్షుతో దులిపితే వెంట్రుకలు పోతాయి, శిలీంధ్రం పోదు. పిల్లవాడికి తలలో గుండ్రంగా వెంట్రుకలు రాలితే పేనుకొరుకుడు అనుకుని మందార ఆకు రుద్దుతాం. అది తలతామర కావచ్చు, క్లిప్పరు నుంచి వచ్చింది కావచ్చు.

ఇప్పుడు దారం. ఆడవాళ్ల పార్లర్‌లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పని ఐబ్రోస్. ఖర్చు తక్కువ, అయిదు నిమిషాల్లో అయిపోతుంది, కాలేజీ పిల్ల నుంచి టీచరమ్మ దాకా అందరూ చేయించుకుంటారు. దారం ఒక కొస పళ్ల మధ్య, మిగతాది రెండు చేతుల్లో. పళ్ల మధ్య తడిసిన దారమే కనుబొమ్మ మీద నడుస్తుంది. వెంట్రుక లాగిన ప్రతిచోటా చర్మంలో ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది, అక్కడక్కడా రక్తపు చుక్క మెరుస్తుంది. వడోదరకు చెందిన చర్మవైద్యుడు శ్యామ్ వర్మ 2009లో ఈ థ్రెడింగ్ వల్ల వచ్చే ఇబ్బందుల గురించి వైద్య పత్రికలో రాశారు. ఇంతమంది చేయించుకునే పని గురించి ఇంత తక్కువ మాట్లాడటమేమిటన్నది ఆయన వ్యాసం పేరులోనే ఉంది. చీము పొక్కులు, చర్మం నల్లబడటం, తెల్లబడటం, పులిపిర్లు ఈ లెక్కలోకి వస్తాయి. చదునైన పులిపిర్ల వైరస్‌కు ఒక గుణం ఉంది. చర్మం గీరుకున్న దారి వెంటే అది మొలుస్తుంది. కనుబొమ్మ కింద, నుదుటి మీద, మగవాళ్లకు గడ్డం మీద గీత గీసినట్టు వరుసగా పులిపిర్లు వస్తే దారమో బ్లేడో ఆ బాట వేసిందన్నమాట.

దీనికి పరిష్కారం చెప్పడానికి సిగ్గుపడేంత చిన్నది. ప్రతి ముఖానికీ కొత్త దారం. కొసను పళ్లతో కాకుండా మెడకు తగిలించుకుని పట్టడం. నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, తర్వాత పని వేగం తగ్గదు. అయినా "అన్నా, కొత్త బ్లేడు" అన్నంత ధైర్యంగా "అక్కా, దారం నోట్లో పెట్టుకోవద్దు" అనలేకపోతున్నాం. బ్లేడు విషయంలో రోగం పేరు గోడ మీద రాసి ఉంది. దారానికి ఆ పేరు లేదు. పైగా పార్లర్ నడిపే ఆమె మన వీధిలో మనిషి, పిన్ని స్నేహితురాలు, పెళ్లిలో మన చెల్లెలికి జడ వేసిన ఆవిడ. ఆమె నోటిని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. బ్లేడు గురించి అడగడం మర్యాద అయినట్టే ఇదీ ఒకనాటికి మర్యాద అవుతుందని నా నమ్మకం.

వ్యాక్సింగ్ గురించి ఒక్క మాట. కరిగిన వ్యాక్స్‌లో ముంచిన చెక్కపుల్లను చర్మం మీద రాసి మళ్లీ అదే డబ్బాలో ముంచితే, ఆ వేడికి క్రిములు చావవు. ఒక్కో ముంపుకు ఒక్కో పుల్ల కావాలి. ఫేషియల్‌లో బ్లాక్‌హెడ్స్ తీసే ఇనుప పిన్ను నేరుగా రక్తాన్ని తాకుతుంది కాబట్టి దాన్ని కత్తెర లెక్కలో కాదు, సూది లెక్కలో చూడాలి. ఇక మేకప్. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాలంతటా కళ్లకలక వచ్చినప్పుడు శ్రావణ మాసపు పెళ్లిళ్లు కూడా ముందున్నాయి. ఒకే కాటుక పుల్ల, ఒకే మస్కారా, ఒకే లిప్‌స్టిక్ ఇంటింటికీ తిరిగే పెళ్లి మేకప్ పెట్టెలో ఉంటే కళ్లకలకకు, పెదవి మీద వచ్చే హెర్పిస్ పొక్కులకు అంతకంటే మంచి బండి దొరకదు.

పెడిక్యూర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2000 సంవత్సరంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, వాట్సన్‌విల్లే ఊళ్లో ఒకే సెలూన్లో పెడిక్యూర్ చేయించుకున్న 110 మందికి మోకాళ్ల కింద సెగ్గడ్డలు లేచాయి. మామూలు మందులకు తగ్గలేదు, నెలల తరబడి ఉండి మచ్చలు మిగిల్చి పోయాయి. మైకోబాక్టీరియం ఫార్చూయిటమ్ అనే, కుళాయి నీళ్లలోనే ఉండే సూక్ష్మజీవి అది. పరిశోధకులు పాదాల తొట్టి విప్పి చూస్తే, నీళ్లు లాగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మపు తుక్కు పేరుకుపోయి ఉన్నాయి. అంతకుముందు కాళ్ల వెంట్రుకలు రేజరుతో తీసుకున్న ఆడవాళ్లకు ముప్పు ఎక్కువైందని కూడా తేలింది. మన ఊళ్లో అంత పెద్ద తొట్లు లేవు, ప్లాస్టిక్ టబ్బులే. అది ఒకరకంగా అదృష్టం. టబ్బును సబ్బుతో తోమి ఆరబెట్టడం తేలిక. కానీ మన పాదాలు వేరు. నల్లరేగడిలో పత్తి తీసే ఆడవాళ్ల మడమలు రక్తం కారేలా పగిలి ఉంటాయి. ఇంట్లో పెళ్లి వచ్చిందని పిల్లలు అమ్మను పార్లర్‌కు తీసుకెళ్లి కాళ్లు నానబెట్టిస్తారు. ప్రేమతో చేసే పని అది. ఆ అమ్మకు షుగరు ఉంటే, పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే, మడమ చర్మాన్ని బ్లేడుతో చెక్కినప్పుడు తెగినా తెలియదు. వారం తర్వాత చీము పడితే తెలుస్తుంది. షుగరు ఉన్న పాదాన్ని బ్లేడుతో చెక్కకూడదు. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. పెడిక్యూర్ కుర్చీలో కూర్చోబెట్టే ముందు షుగరు ఉందా అని ఒక్క ప్రశ్న అడగాలి.

సూది ఇప్పుడు ఆసుపత్రి గుమ్మం దాటి పార్లర్‌లోకి వచ్చింది. డెర్మారోలర్, మైక్రోనీడ్లింగ్, సొంత రక్తం తీసి ముఖానికి ఎక్కించే పీఆర్‌పీ, తెల్లబడటానికి గ్లూటథయోన్ ఇంజెక్షన్లు విజయవాడ నుంచి రహదారి వెంట చిన్న ఊళ్లకు ప్రయాణిస్తున్నాయి. దీని అసలు ప్రమాదం ఏమిటో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, ఆల్బుకర్కీ నగరం చూపించింది. అక్కడ లైసెన్సు లేని ఒక స్పాలో పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్న ఒకామెకు 2018లో హెచ్‌ఐవీ బయటపడింది. సూది మందుల అలవాటు లేదు, రక్తం ఎక్కించుకోలేదు. అధికారులు వెళ్లి చూస్తే పేర్లు రాయని రక్తపు ట్యూబులు వంటగట్టు మీద, తిండి పదార్థాలతో పాటు ఫ్రిజ్‌లో ఉన్నాయి. విప్పేసిన సిరంజిలు సొరుగుల్లో ఉన్నాయి. ఒక్కసారే వాడాల్సిన సామగ్రిని మళ్లీ వాడారని తేలింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024 ఏప్రిల్‌లో ప్రచురించిన నివేదిక ప్రకారం కనీసం ముగ్గురికి ఆ ఫేషియల్ వల్లే హెచ్‌ఐవీ సోకింది. అందం కోసం వేయించుకున్న సూది ద్వారా హెచ్‌ఐవీ సోకినట్టు నమోదైన తొలి కేసులు అవే. పులిరాజా రోజుల్లో బ్లేడు గురించి మనం పడ్డ భయం ఇవాళ ఈ సూది విషయంలో నూటికి నూరుపాళ్లు సరైన భయం.

ఇంత చెప్పాక కూడా, ఈ ఊళ్ల ముఖాలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది క్రిమి కాదని నా అభిప్రాయం. అది క్రీము. పార్లర్‌లో ఫేషియల్ అయ్యాక ఒక చిన్న డబ్బా చేతిలో పెడతారు. "రోజూ రాత్రి రాసుకో, పది రోజుల్లో రంగొస్తుంది." రంగు వస్తుంది కూడా. అందులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే వచ్చి తీరుతుంది. ఆపగానే ముఖం ఎర్రబడి మండుతుంది, మొటిమలు తన్నుకొస్తాయి, భయపడి మళ్లీ రాస్తారు. చర్మం పల్చబడి రక్తనాళాలు దారాల్లా కనపడతాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. చర్మవైద్యులు ఈ స్థితికి స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అని పేరే పెట్టేశారు. వాళ్ల జాతీయ సంఘం ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. ఆ ఏడాది నవంబరు 1 నుంచి చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. మందుల షాపులో అడిగి చూస్తే ఆ నియమం ఎంత బలంగా ఉందో ఎవరికి వాళ్లకు తెలుస్తుంది. తామర మీద ఇవే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయడం వల్ల దురద తగ్గి శిలీంధ్రం బలపడుతుంది. పైన చెప్పిన మొండి తామర కథకూ, తెల్లబడే క్రీము కథకూ ముడి ఇక్కడే ఉంది.

రెండో రకం క్రీముల్లో పాదరసం ఉంటుంది. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు ఒక వింత గమనించారు. మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బుతో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మందిలో 15 మందికి అరుదైన నెల్-1 రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. క్రీము ఆపాక చాలామందికి తగ్గింది. మన సౌందర్య సాధనాల నిబంధనలు, 2020 ప్రకారం ముఖానికి రాసే వస్తువులో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. డబ్బా మీద తయారుచేసినవాడి పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు లేకపోతే ఆ లెక్క అడగడానికి మనిషే ఉండడు. ఎ.కొండూరు తండాల కిడ్నీ బాధ ఏళ్లుగా వింటున్న జిల్లా మనది. దానికి ఈ క్రీములే కారణమని నేను అనడం లేదు. డయాలసిస్ మంచం మీద మనిషి బతుకు ఎలా ఉంటుందో తెలిసిన చోట ముఖం తెల్లబడటానికి కిడ్నీని పణంగా పెట్టడం చూస్తూ ఊరుకోలేం అంటున్నాను. నలుపు రోగం కాదు. ఈ మాట పార్లర్‌లోనూ, పెళ్లిచూపుల్లోనూ, ఇంట్లో అమ్మమ్మ నోట కూడా వినపడాలి.

కుర్చీ వెనక్కి వంచి తల కడిగేచోట ఇంకో ముప్పుంది. 1993లో అమెరికా వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ దీని గురించి రాశారు. 2022లో హైదరాబాద్ న్యూరాలజిస్టు సుధీర్ కుమార్ 50 ఏళ్ల మహిళ సంగతి బయటపెట్టాక తెలుగువాళ్లందరికీ తెలిసింది. పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా ఆమెకు తల తిరిగి వాంతులయ్యాయి. కడుపు సంబంధమనుకున్నారు. తీరా చూస్తే చిన్నమెదడులో స్ట్రోకు. మెడ వెనక్కి బాగా వంగి సింకు అంచుకు నొక్కుకుంటే మెదడుకు పోయే రక్తనాళం దెబ్బతింటుంది. మెడ కింద మెత్తటి తువాలు పెట్టాలి, కోణం తగ్గించాలి. మగవాళ్ల సెలూన్లో మసాజు చేసి మెడ టక్కున విరవడం ఇంకా ప్రమాదం. 2024లో బళ్లారి యువకుడికి అలాగే స్ట్రోకు వచ్చిందని పత్రికల్లో చదివాం. అన్నా, మెడ విరవొద్దు అని ముందే చెప్పండి.

మరి శుభ్రం చేయడమంటే ఏమిటి? ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పే మాటలకూ శాస్త్రానికీ దూరం ఎక్కువ. అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ 1968లో చెప్పిన లెక్క ఆసుపత్రులన్నీ నేటికీ పాటిస్తాయి. చర్మం కోసుకుని లోపలికి పోయేది పూర్తిగా స్టెరిలైజ్ కావాలి. లోపలి పొరలను, చిట్లిన చర్మాన్ని తాకేదానికి గట్టి క్రిమినాశకం కావాలి. బాగున్న చర్మాన్ని తాకేదానికి సబ్బు నీళ్లు, మామూలు క్రిమినాశకం చాలు. కుర్చీ చేతులు డాక్టరు కత్తిలా ఉండక్కర్లేదు, పిన్ను మాత్రం ఉండి తీరాలి. నీలం లైటు వెలిగే యూవీ పెట్టెలో కత్తెర పెట్టి స్టెరిలైజ్ అయిందంటారు. ఆ కిరణం తగిలిన పైభాగం మీదే పనిచేస్తుంది. కత్తెర కీలులో, పిన్ను వంపులో, ఎండిన రక్తం కింద పనిచేయదు. కడిగిన వస్తువును దాచుకునే పెట్టెగా అది మంచిదే. డెటాల్ నీళ్ల గ్లాసులో దువ్వెనలు, కత్తెర నిలబెట్టి ఉంచడం మనకు తెలిసిన దృశ్యం. పొద్దున పోసిన ఆ నీళ్లు సాయంత్రానికి వెంట్రుకల చారు అవుతాయి. దానికి స్టెరిలైజ్ చేసే శక్తి మొదట్లోనే లేదు.

నిజంగా పనిచేసేవి మన వంటింట్లోనే ఉన్నాయి. ముందు సబ్బు నీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో తోమాలి. మురికి మీద ఏ మందూ పనిచేయదు. రక్తం తాకిన ఇనుప వస్తువులను ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లకు పైన చిల్లుల గిన్నెలో పెట్టి, పూర్తి ఆవిరి పట్టాక 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. 121 డిగ్రీల ఆవిరి ఆటోక్లేవ్ చేసే పనే చేస్తుంది. 1980ల్లో గాజు సిరంజిలను కుక్కర్ లాంటి డబ్బాలోనే స్టెరిలైజ్ చేసి మన పిల్లలకు టీకాలు వేశారు. ప్లాస్టిక్ దువ్వెనలు, టబ్బులకు బ్లీచింగ్ పౌడర్ ఉంది. లీటరు నీళ్లకు 15 గ్రాములు కలిపి, పది నిమిషాలు నానబెట్టి కడగాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, ఇనుముకు ఎక్కువసేపు పెడితే తుప్పు పడుతుంది. తువాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయాలి. ఈ మెట్టలో ఎండకు కొదవ లేదు. కొదవ నీళ్లకే. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో అతిసారం ప్రబలినప్పుడు, అదే ఏడాది సెప్టెంబరులో మునేరు పొంగినప్పుడు తాగే నీళ్లే అనుమానమయ్యాయి. ఇక పాదాల టబ్బులో పోసే నీళ్ల సంగతి ఎవరు చూస్తారు? పార్లర్ శుభ్రత మునిసిపల్ కుళాయి దగ్గరే మొదలవుతుంది. ఆ భారం మొత్తం కత్తెర పట్టిన మనిషి మీద వేయడం న్యాయం కాదు.

చట్టం సంగతి చూస్తే, వైద్యానికి 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. దుకాణానికి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉంది. మధ్యలో ఉన్న సెలూన్‌కు, పార్లర్‌కు చర్మం మీద చేసే పని పరంగా ఏ కొలతా లేదు. బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని రాసుకుంటే అడిగేవాళ్లు అరుదు. అలాగని లైసెన్సు ఒక్కటే మందు కాదు. టెక్సాస్‌లో థ్రెడింగ్ చేసేవాళ్లు 750 గంటల శిక్షణ పొందాలని నిబంధన ఉండేది. దాని మీద మన దేశపు మూలాలున్న పనివాళ్లు కోర్టుకెళ్లారు. 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గంటల్లో 320 వరకూ థ్రెడింగ్‌కు సంబంధమే లేనివని తీర్పు తేల్చింది. ఆరోగ్యం పేరుతో పేదవాడి పని లాక్కోకుండా, ఆరోగ్యానికి అవసరమైనంతే అడగాలన్న ఆ లెక్క మనకూ సరిపోతుంది. సూది, రక్తం, ఇంజెక్షన్ డాక్టరు చేతుల్లోనే ఉండాలి. దారం, వ్యాక్స్, పిన్ను, తువాలు రెండు రోజుల శిక్షణతో సరిచేయొచ్చు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షురకులున్నారు. శిక్షణకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు వస్తాయి. ఆ శిక్షణలో ఒక పూట కుక్కరు, బ్లీచింగ్ నీళ్లు చేతితో చేయించి చూపిస్తే, ఆ పనిముట్ల పెట్టెలో ఒక స్టెరిలైజర్ ఉంటే చాలు. టీకా మూడు డోసులు కూడా అప్పుడే మొదలుపెట్టొచ్చు.

తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో పాటు బ్లేడును కూడా భక్తుడి చేతికే ఇచ్చే పద్ధతి నాకెప్పుడూ నచ్చుతుంది. బ్లేడు నీది, నువ్వే తీసుకొచ్చి ఇవ్వు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు తలనీలాలివ్వడానికి వచ్చే జనానికీ, తిరునాళ్ల సందుల్లో పచ్చబొట్టు పొడిపించుకునే పిల్లలకూ ఇదే అన్వయిస్తే బాగుండు. బ్లేడు విషయంలో అలవాటైన ఆ చూపు పచ్చబొట్టు సూది మీద, చెవులు కుట్టే సూది మీద ఇంకా పడలేదు.

ఆఖరిగా, వాడిన బ్లేడు గురించి. సగానికి విరిచిన బ్లేడు పని అయిపోగానే వెంట్రుకలతో పాటు ఊడ్చేసి చెత్త సంచిలో వేస్తారు. తెల్లారి పారిశుద్ధ్య కార్మికురాలు ఆ సంచిని చేత్తో నొక్కి బండిలోకి ఎత్తుతుంది. గ్లౌజు ఉన్నా బ్లేడుకు అది అడ్డం కాదు. ఏడు రోజులు బతికే వైరస్ గురించి పైన రాశాను కదా. మూత గట్టిగా పట్టే పాత డబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత సన్నటి చీలిక పెట్టి, అద్దం పక్కన పెట్టుకుని, నిండాక టేపు వేసి, "బ్లేడ్లు" అని రాసి విడిగా ఆమె చేతికి అందిస్తే, ఆ చెయ్యి తెగదు.